వెనక సీటు ధర

బండి వచ్చే రోజు పొద్దున్నే బాబాయి నాలుగుసార్లు గేటు దాకా వెళ్ళి వచ్చాడు. మోటారు పత్రికలో ముప్ఫై ఏళ్ళుగా బళ్ళ మీద రాస్తున్న మనిషి. పరీక్షకని ఆ ఇంటికి వచ్చి పోయిన బళ్ళకి లెక్కా పత్రం లేదు. అయినా సరే, ఆ రోజు మాత్రం పెళ్ళిచూపులకి వెళ్ళేవాడిలా కాలు ఒకచోట నిలవడం లేదు. అన్నట్టు, ఆఫీసులో సంపాదకురాలి దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరూ ఆయన్ని బాబాయి అనీ, ఆయన భార్యని పిన్ని అనీ అంటారు. మనమూ అలాగే అనుకుందాం, పోయిందేముంది.

వచ్చింది స్పోర్ట్ టూరర్. అంటే వేగంగానూ పోవాలి, రోజంతా కూర్చున్నా నడుం పట్టెయ్యకూడదు, వెనక ఇంకో మనిషి, ఆ మనిషి సామానూ పట్టాలి. మూడేళ్ళ కిందటి బండికే కొత్త హంగులు దిద్ది మళ్ళీ వదిలారు. హంగులు ఎన్ని పెరిగాయో గాని ధర మాత్రం మహా బాగా పెరిగింది. పెరిగిన ఆ మేరకే ఒక స్కూటరు వచ్చేస్తుంది!

"బాబాయ్, పాఠకులకి ఒక్కటే కావాలి. అంత డబ్బు పోసి ఇది కొనొచ్చా, కొనకూడదా? మీ పాత జ్ఞాపకాలూ అవీ వద్దు, ఆ ఒక్కటీ తేల్చండి చాలు" అని సంపాదకురాలు ముందే ఫోన్ చేసి చెప్పింది. ఆ అమ్మాయి వయసెంతో బాబాయి ఉద్యోగం వయసూ అంతే. అయినా ఆమె మాటంటే ఆయనకి హడలు.

పత్రికకి కావలసింది అదీ. బాబాయికి కావలసింది వేరు. పిన్ని మళ్ళీ తన వెనక ఎక్కుతుందా, ఎక్కదా? ఇంకో రెండు నెలల్లో ఆయన ఉద్యోగం అయిపోతుంది. అవగానే ఇద్దరూ బండి మీద సముద్రం పక్క రోడ్డు పట్టుకుని, తోచినచోట ఆగుతూ, తోచినన్నాళ్ళు తిరగాలని ఇరవై ఏళ్ళ నాటి మాట. ఆవిడ ఊఁ అంటే దాచుకున్నది బయటికి తీసి ఈ బండే కొనేస్తాడు. ఊహూఁ అంటే ఇంత బండి ఒక్కడికీ దేనికి, పాల ప్యాకెట్లు తేవడానికా?

బాబాయి పనితీరు వేరు. మిగతా పత్రికలవాళ్ళు వెనక సీటుని చేత్తో ఒకసారి నొక్కి చూసి "సౌకర్యంగా ఉంది" అని రాసేస్తారు. బాబాయికి అది ఒళ్ళుమంట. ఇద్దరి కోసం చేసిన బండిని ఇద్దరూ ఎక్కే తేల్చాలంటాడు. అందుకని ఏ టూరరు వచ్చినా రెండు రోజులు పిన్నిని ఎక్కించుకుని తిప్పేవాడు. ఆవిడ అన్న మాటలు వ్యాసం చివర చిన్న బాక్సులో వచ్చేవి. "వెనక సీటు మాట" అని దాని పేరు. "ఈయన బ్రేకు వేసినప్పుడల్లా నా హెల్మెట్ వెళ్ళి ఆయన హెల్మెట్‌ని కొడుతోంది. కాపురంలో ఉన్న గొడవలు చాలవా?" అని ఒకసారి వచ్చింది. పాఠకులు ఇంజను సంగతి తర్వాత చూసుకుందాంలే అని ముందు ఆ బాక్సే చదివేవారు. బాబాయికి లోలోపల కాస్త కుళ్ళుగానే ఉండేది.

పిన్ని బడిలో లెక్కల టీచరు. బాబాయి రాసిన ప్రతి వ్యాసమూ ఆవిడ బల్ల మీదికి వెళ్ళి ఎర్రసిరా గీతలతో, పదికి ఇన్ని మార్కులని వేయించుకుని గాని ఆఫీసుకి పోయేది కాదు. ఏడుకి మించి ఎప్పుడూ వేసిన పాపాన పోలేదు.

మూడేళ్ళ కిందట ఇదే బండి పాత మోడల్ మీద ఇద్దరూ పడ్డారు. పెద్ద వేగంలో కూడా కాదు. కొండదారి మలుపులో నలుగురూ ఆగి లోయ చూసేచోట, బండి ఆపబోతూ ఉండగా ఎడమ పక్కకి ఒరిగిపోయింది. బాబాయికి మోచెయ్యి చెక్కుకుంది, అంతే. పిన్నికి ఎడమ తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, లోపల ప్లేటు, నెలల తరబడి మంచం. లేచి కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక ఒక్కటే మాట అంది: "ఇక నేను బండెక్కనండీ."

"పాపం, భయపడిపోయింది" అని బాబాయి అందరికీ చెప్పాడు. తానూ అదే నమ్మాడు. బాక్సు ఆగిపోయింది. అప్పట్నుంచి టూరర్లు వస్తే ఆయన ముట్టుకోలేదు, స్కూటర్లూ చిన్న బళ్ళూ రాసుకుంటూ కాలక్షేపం చేశాడు. పిన్ని ఇప్పటికీ వ్యాసాలు దిద్దుతుంది గాని అచ్చుతప్పులు మాత్రమే. మార్కులు వెయ్యడం మానేసింది.

ఇదిగో, ఉద్యోగం చివర్లో మళ్ళీ ఆ బండే గుమ్మంలోకి వచ్చింది. కంపెనీ మనిషి తాళం చేతిలో పెట్టి వెళ్ళగానే బాబాయి ఎక్కి కూర్చుని మీటలూ బొత్తాలూ నొక్కి తనకి కావలసినట్టు సర్దుకుని, పిన్ని దగ్గర బేరం మొదలెట్టాడు. ఆవిడ వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది.

"చూశావుటే, వెనక సీటు ఎంత వెడల్పు చేశారో! వీపు ఆనుకోవడానికి దిండు కూడా పెట్టారు."

"బావుంది."

"చలేస్తే సీటు దానంతటదే వెచ్చబడుతుందిట!"

"నా కుర్చీ కూడా వెచ్చగానే ఉందండీ."

"ముందు ఏదైనా బండి అడ్డొస్తే అదే చూసుకుని వేగం తగ్గించుకుంటుంది. కళ్ళున్నాయే దీనికి!"

"మంచిదే. మీకు లేనివి దానికైనా ఉన్నాయి" అని పిన్ని పేపరు తిప్పింది.

ఇలా మూడు రోజులు బతిమాలాడు. ఆవిడ విననట్టే ఉంది. చేసేది లేక ఆ మూడు రోజులూ ఒక్కడే తిరిగాడు. తిరిగి వచ్చిన ప్రతిసారీ నడుం పట్టుకుని, మూలుగుతూ, కంపెనీ వాళ్ళని నాలుగు తిట్టి గాని బూట్లు విప్పేవాడు కాదు. గతుకు కనబడితే చాలు బండి ఎగిరెగిరి పడుతోంది. మలుపులో వెనక చక్రం కుదురుగా ఉండడం లేదు. ఇదా వీళ్ళు అంత ధర పెంచి అమ్మేది! ఒకవైపు కోపం, ఇంకోవైపు బెంగ. ఇటువంటి బండిమీద ఆ తుంటితో పిన్నిని ఎక్కించుకోవడం ఏమిటి, మతి ఉండేనా? ఇరవై ఏళ్ళ ఆశ ఇంతటితో సరి అనిపించి ఆయనకి నిజంగానే దుఃఖం వచ్చింది.

నాలుగో రోజు కూర్చుని ఆ కోపంలోనే వ్యాసం రాసి పారేశాడు. "రంగులు మార్చారు, తెరలు పెట్టారు, అసలు సంగతి మరిచిపోయారు. రోడ్డు మీది ప్రతి గుంటా వెన్నుపూసకి తెలిసింది. పాతదే నయం. ఈ ధర ఇవ్వడం శుద్ధ దండగ." మామూలుగానే తీసుకెళ్ళి పిన్ని బల్ల మీద పెట్టాడు.

బడి నుంచి వచ్చి టీ తాగుతూ చదివింది పిన్ని. ఎర్రపెన్ను మూత తియ్యనే లేదు. మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది, పిల్లవాడిని బోర్డు దగ్గరికి పిలిచినట్టే.

బాబాయి వచ్చి నిలబడ్డాడు.

"పాత బండి గతుకుల మీద పరుపులా సాగిందని రాశారు మీరు. గుర్తుందా?"

"ఉంది. సాగింది మరి."

"పాతదేమో పరుపు, కొత్తదేమో రోకలి. ధర పెంచి మరీ ఎవరైనా పరుపు తీసి రోకలి పెడతారా? జవాబు తప్పొచ్చిందంటే మధ్యలో మీరెక్కడో ఒక మెట్టు ఎగరేశారు. పదండి చూద్దాం."

"నాకు నువ్వు బళ్ళ గురించి చెప్తావుటే!" అని బాబాయి సణిగాడు గాని, ఆవిడ అప్పటికే కర్ర అందుకుని షెడ్డువైపు నడుస్తోంది. బండి వచ్చాక ఆవిడ దాని దగ్గరికి వెళ్ళడం అదే మొదలు. సణుగుడు మానేసి గబగబా వెనకాల వెళ్ళి తాళం తిప్పాడు. తెర వెలిగింది. పిన్ని కళ్ళజోడు సర్దుకుని వంగి ఒక్కొక్క బొమ్మా అడగడం మొదలుపెట్టింది. ఇదేమిటి, పెట్రోలు. ఇదేమిటి, చక్రాల గాలి.

"మరి ఇది?"

"అది బరువు బొమ్మ. ఎక్కినవాళ్ళ బరువుని బట్టి వెనక స్ప్రింగు బిగువు మారుతుంది. ఒక్కడే అయితే ఒక హెల్మెట్ బొమ్మ పెట్టుకోవాలి. ఇద్దరైతే..."

అంతవరకు వచ్చి బాబాయి నోరు ఆగిపోయింది. తెర మీద రెండు హెల్మెట్లు నిక్షేపంలా వెలుగుతున్నాయి.

ఇంకేముంది! బండి చేతికి వచ్చిన రోజునే, ఎక్కి కూర్చున్న మొదటి నిమిషంలోనే, పాత అలవాటున ఇద్దరికని నొక్కేశాడు మహానుభావుడు. ఇద్దరి బరువుకి బిగిసిన స్ప్రింగు మీద ఒక్కడు కూర్చుంటే అది అణుగుతుందా? దిగిన ప్రతి గుంటా తిన్నగా నడుం మీదకే వస్తుంది. ఆఫీసులో ఇంకెవరైనా ఈ పని చేసి ఉంటే వాళ్ళని ఏడాదిపాటు ఏడిపించుకు తినేవాడు.

పిన్ని పకపకా నవ్వేసింది. మూడేళ్ళయింది ఆ షెడ్డులో ఆవిడ నవ్వు వినబడి. "ముప్ఫై ఏళ్ళ అనుభవం! అచ్చులో పడి ఉంటే కంపెనీ వాళ్ళు మీకు సన్మానం చేసేవాళ్ళు" అంది. నవ్వీ నవ్వీ ఆగి, మళ్ళీ తెరవైపు చూసింది. ఈసారి నవ్వలేదు.

"ఈ రెండో హెల్మెట్ ఎవరిదండీ?"

"ఇంకెవరిది? నీదే" అన్నాడు బాబాయి. "చెయ్యి దానంతటదే నొక్కేసింది. నువ్వు ఎక్కవన్న సంగతి చేతికేం తెలుసు?"

పిన్ని సీటు మీద చెయ్యి వేసి నిలబడింది.

"అయితే ఆనాడు వెనక కూర్చుని కదిలిన మనిషి ఎవరు?"

బాబాయి మూడేళ్ళుగా తలుచుకోకుండా తప్పించుకు తిరుగుతున్న వాక్యం అది. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, పేజీ ఆలస్యమవుతోందని ఫోన్ మీద ఫోన్ వస్తుంటే హడావుడిగా రాసిచ్చిన పాత బండి వ్యాసంలోది. "తక్కువ వేగంలో వెనక కూర్చున్నవారు ఏ కాస్త కదిలినా ఈ బండి నిలకడ తప్పుతుంది. మాకిది స్వానుభవం." పిన్ని దిద్దకుండా అచ్చుకి వెళ్ళిన వ్యాసం అదొక్కటే.

"నువ్వది... చదివావా?"

"చదివాను. మంచం మీద ఉండగానే. మీవారు రాశారమ్మా అని నర్సు తెచ్చి చేతిలో పెట్టింది."

"మూడేళ్ళు నోరు విప్పలేదేమే!"

"మీరు విప్పుతారేమోనని చూశాను."

బాబాయి నీళ్ళు నమిలాడు. పేజీ టైమన్నాడు. మనసు మనసులో లేదన్నాడు. ఎవరి పేరూ రాయలేదు కదా అన్నాడు. పిన్ని అన్నీ వింది. తప్పు లెక్క చేసిన పిల్లవాడు తనంతట తానే తప్పు పట్టుకునేదాకా బల్లకి ఆనుకుని నిలబడే టీచరు ఓపిక ఆవిడది. చివరికి బాబాయి దగ్గర సాకులు అయిపోయాయి.

"నాదే తప్పు. కింద కంకరుంది, చూసుకోకుండా కాలు దాని మీద మోపాను. పట్టు దొరకలేదు. నువ్వు కదల్లేదు. అసలేం కదల్లేదు."

"నాకు తెలుసు" అంది పిన్ని. "మీ కాలు నాకు వెనకనుంచి కనబడుతూనే ఉంది. తెలియనిది చదివినవాళ్ళకి. ఇన్నేళ్ళు మీ వెనక కూర్చుని ఏ మలుపులో ఎంత ఒరగాలో అంతే ఒరిగాను. నీళ్ళ గ్లాసు పట్టుకు కూర్చున్నా చుక్క ఒలకనిచ్చేదాన్ని కాదు. అలాంటిది ఊరందరి ముందూ నన్ను కుదురులేనిదాన్ని చేశారు." ఆవిడ కళ్ళజోడు తీసేసింది. "భయమని చెప్పుకున్నారు అందరికీ. భయమేమిటండీ నాకు? పడ్డం ఎవరైనా పడతారు. పడేసి, నామీద పెట్టారు. అదీ నాకు కష్టమయింది."

బాబాయి అప్పుడే ఏడ్చేసేవాడు, ఆవిడ కళ్ళు తుడుచుకుని "ముందు ఈ దిక్కుమాలిన వ్యాసం సంగతి చూడండి" అనకపోతే.

మర్నాడు పొద్దున్న ఒక్క హెల్మెట్ పెట్టుకుని అదే రోడ్డు మీద, అవే గుంటల మీద వెళ్ళాడు. అబ్బ, ఏం బండి! గుంటలు ఉన్నాయని కంటికి కనబడాలి తప్ప ఒంటికి తెలియడం లేదు. మలుపులో కూడా గీసిన గీత మీద పోయినట్టు పోతోంది. అయితే ఇంకో సంగతి కూడా తెలిసింది. పాత బండి మీద ఒక్కడూ పోయినప్పుడు కూడా దాదాపు ఇలాగే ఉండేది. ఇంటికి వచ్చి పాతదీ కొత్తదీ పక్కపక్కన వేసుకుని ఒక్కొక్క హంగూ చూశాడు. వెడల్పాటి సీటు, దిండు, వెచ్చదనం, వెనకవాళ్ళు పట్టుకునే కమ్మీలు, బరువుని బట్టి మారే స్ప్రింగు. పెంచిన డబ్బులో ముప్పాతిక వంతు వెనక సీటుకే పోశారు వాళ్ళు.

వ్యాసం మొత్తం చింపేసి కొత్తగా రాశాడు. "ఒంటరిగా తిరిగేవారికి ఈ ధర దండగ. పాత బండి వెతికి కొనుక్కోండి. వెనక కూర్చునే మనిషి ఉంటే మాత్రం ఇచ్చే ప్రతి పైసాకీ ఇది తగిన బండి." కింద మూడేళ్ళ తర్వాత మళ్ళీ బాక్సు గీసి, అందులో ఈసారి తానే రాశాడు. "పాత మోడల్ మీద రాస్తూ, వెనక కూర్చున్నవారు కదిలితే బండి నిలకడ తప్పుతుందని ఇక్కడే చెప్పాను. అది అబద్ధం. కంకర మీద కాలు పట్టు తప్పి పడేశాను. నా భార్య కదల్లేదు. ఆమెకి తుంటి విరిగింది. నేను తప్పు ఆమె మీదికి తోశాను."

పిన్ని ఎర్రపెన్ను తీసింది. అంతా చదివి ఒక్కచోట గీత గీసి పక్కన రాసింది: "ఎవరి కాలు?" బాబాయి తల వంచుకుని "నా" అని చేర్చాడు. ఎనిమిది మార్కులు వేసింది.

సాయంత్రానికి సంపాదకురాలు ఫోన్ చేసింది. "బాబాయ్, రిటైరయ్యే ముందు మీ ఆఖరి పెద్ద వ్యాసం ఇది. ముప్ఫై ఏళ్ళ పేరు. ఆ బాక్సు నిజంగా వెయ్యమంటారా?"

"వెయ్యమ్మా. ఒక్క అక్షరం తీశావంటే నీతో మాట్లాడను."

అవతల ఆ అమ్మాయి ముక్కు ఎగబీల్చింది. "పిన్నిని అడిగానని చెప్పండి" అని పెట్టేసింది.

బండి తిరిగి ఇచ్చేసే రోజు వచ్చింది. నాలుగింటికి కంపెనీ మనిషి వస్తాడు. మూడున్నరకి బాబాయి బండి తుడుస్తుంటే వెనకనుంచి బూట్ల చప్పుడయింది. పిన్ని! పాత తోలు జాకెట్టు వేసుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడింది.

"వీధి చివరిదాకా" అంది. "ఎక్కువ ఊహించుకోకండి."

బాబాయి బండి నిలబెట్టి, ఎక్కి కూర్చుని, రెండు కాళ్ళూ నేలకి బిగించి "పట్టుకో, నా భుజం పట్టుకో" అన్నాడు. పిన్ని భుజం పట్టుకుని ఎడమకాలు ఎత్తింది. ముందు ఆ కాలు ఫుట్‌రెస్ట్ మీదికి చేరాలి. చేరలేదు. జానెడు కిందే ఆగిపోయింది. ఇంకోసారి ఎత్తింది. పళ్ళు బిగించి మూడోసారి కూడా ఎత్తింది. అంతే, అక్కడికే.

"ఆగు, స్టూలు తెస్తా" అన్నాడు బాబాయి.

"సముద్రం దాకా స్టూలు మోసుకుపోతామా?" అంటూ పిన్ని ఆయాసపడుతూ పక్కనున్న బల్ల మీద చతికిలబడింది. "ఫిజియో ఆవిడ రోజూ కాలెత్తమని చెప్పింది. యాభైసార్లు, ఏడాదిపాటు. రెండు నెలలు చేసి మానేశాను. బడి మెట్లెక్కడానికి ఆ మాత్రం చాలు. బండెక్కే పని లేనప్పుడు ఇంకా ఎత్తు ఎత్తడం దేనికిలే అనుకున్నాను."

బాబాయి బండికి స్టాండు వేసి దిగి, ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. ఈసారి దుఃఖం ఆగలేదు. "అప్పుడే ఒక్క మాట ఒప్పుకుని ఉంటే నీ కాలు లేచేదే! నా మూలానే..."

"అవును, మీ మూలానే" అంది పిన్ని. కాదు, పోనీలెండి అని ఆవిడ అనలేదు. అయితే ఆయన తల మీద చెయ్యి వేసి, ఆయన ఏడుపు అయ్యేదాకా తియ్యలేదు.

కంపెనీ మనిషి వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆయన ఇబ్బందిగా దగ్గి, బండి చుట్టూ తిరిగి గీతలేమైనా పడ్డాయేమో చూసుకుని, కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. తాళం తీసుకోబోతుంటే పిన్ని అడిగింది.

"ఈ ధర ఎన్నాళ్ళు ఉంటుందండీ?"

"ఇంకో నాలుగు నెలలమ్మా. ఆ తర్వాత పెంచుతారు."

"ఇంకానా!" అన్నాడు బాబాయి ముక్కు తుడుచుకుంటూ.

"మీరుండండి" అని పిన్ని కంపెనీ మనిషివైపు తిరిగింది. "ఒక్క నిమిషం ఆగండి బాబూ. ఏమండీ, టేపు తీసుకొచ్చి ఆ ఫుట్‌రెస్ట్ నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలవండి."

బాబాయి కొలిచాడు. ఆవిడ చెప్పినట్టే ఆ ఎత్తుకి షెడ్డు గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు. కంపెనీ మనిషి బండి స్టార్టు చేసి గేటు దాటాడు. ఏ బండి వెళ్ళినా వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడే బాబాయి ఆ రోజు అటు చూడనే లేదు.

పిన్ని జాకెట్టు విప్పకుండానే వెళ్ళి గోడకి ఎదురుగా నిలబడింది. ఆయన భుజం పట్టుకుంది.

"లెక్కపెట్టండి" అని కాలు ఎత్తింది.

గీతకి జానెడు కింద ఆగిపోయింది కాలు. అలాగే పట్టి ఉంచింది, వణుకుతున్నా సరే.

"ఒకటి" అన్నాడు బాబాయి.